మా నాన్న ముక్కు

మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా మొదట చేసే పని ముక్కు మూసుకోవడం. రెండో పని, "ఇక్కడెలా ఉంటున్నారండీ బాబూ!" అనడం. ఆ మాట అన్నవాళ్ళను చిన్నప్పుడు నేను మనసులో తిట్టని తిట్టు లేదు. ఇప్పటికీ ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు మాకు మాత్రం తెలియదా? సెలవులకు ఎటైనా వెళ్ళి వస్తూ బస్సు కిటికీలోంచి ఆ కంపు తగలగానే ఇల్లొచ్చేసిందని సంచులు సర్దుకునేవాళ్ళం. బాబాయి దానికి జీతం వాసన అని పేరు పెట్టాడు. అది రాలేదంటే బావులు ఆగిపోయినట్టు. బావులు ఆగితే పొయ్యిలు ఆగుతాయి.

బావులంటే నీళ్ళవి కావు, చమురువి. పొలాల మధ్య, పశువులు మేసే బీళ్ళ మధ్య పెద్ద పెద్ద ఇనుప యంత్రాలు, అత్తగారి మాటకు అల్లుడు తలూపినట్టు రోజంతా తలూపుతూ ఉండేవి. ఊరి చివర పొడుగాటి గొట్టం కొసన మంట ఒకటి నేను పుట్టకముందు నుంచీ మండుతూనే ఉంది. మా బడి కూడా ఆ చమురు కంపెనీ కట్టించినదే. మా పెన్సిలు డబ్బాల మీద, ఆటల బనియన్ల మీద, ఆసుపత్రి దుప్పట్ల మీద కూడా కంపెనీ ముద్ర ఉండేది. "మన ఒంటి మీద కూడా ఎక్కడో కొట్టే ఉంటారే, వీపు మీద వెతుకు" అనేవాడు బాబాయి.

ఆ బళ్ళో అక్షరాలకన్నా ముందు గాలి నేర్పేవారు. కప్పు మీద ఒక కర్రకు నారింజ రంగు గుడ్డసంచి కట్టి ఉండేది. గంట గబగబా మోగితే ముందు ఆ సంచి ఎటు ఊగుతోందో చూడాలి, తర్వాత గాలికి అడ్డంగా పరుగెత్తాలి. దార్లో ఎవరైనా పడిపోతే ఆగకూడదు. ఒకడు పడితే ఒకడే పోతాడు, లేపడానికి వంగితే ఇద్దరూ పోతారు. టీచరమ్మ అడిగితే ఎక్కాలు అప్పజెప్పినట్టు ఈ మాట అప్పజెప్పేవాళ్ళం. చమురుతో పాటు పైకి వచ్చే గ్యాసుకు ఒక దుర్మార్గపు గుణం ఉంది. కొంచెం ఉంటే కంపు కొడుతుంది. బాగా ఎక్కువైతే ముందు ముక్కును చంపి తర్వాత మనిషిని చంపుతుంది. దానికి ఇంకో గుణం కూడా ఉంది కానీ అది బళ్ళో చెప్పరు. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి పీల్చినవాడి ముక్కు, చెప్పు అరిగినట్టు అరిగి, ఎప్పుడు పోయిందో కూడా తెలియకుండా పోతుంది.

మా నాన్నను ఊరంతా ముక్కాయన అనేవారు. ముక్కు పెద్దదని కాదు, దాని పేరు పెద్దదని. కంపు ఊళ్ళో ఎప్పుడూ ఉండేదే, ఉందని చెప్పడానికి గొప్ప ముక్కు అక్కర్లేదు. ఎంత ఉందో చెప్పగలిగేది మాత్రం నాన్న ఒక్కడే. "ఇది పరవాలేదు", "ఇది తలనొప్పి తెస్తుంది", "ఇక్కడ నిలబడొద్దు" అని తూకం వేసినట్టు చెప్పేవాడు. పక్కవీధివాళ్ళు పాలు విరుగుతాయేమో చూడమని గిన్నె పట్టుకుని వచ్చేవారు. వంటగదిలో సిలిండరు కారుతోందేమోనని అనుమానం వస్తే చంటిపిల్లను చంకనేసుకుని మా గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు.

నాన్న, బాబాయి ఒకే జట్టు. పొద్దున్నే ట్రక్కులో బయలుదేరి ఇరవై రెండు ట్యాంకులు చూసి రావడం వాళ్ళ పని. ప్రతి ట్యాంకు దగ్గరా అదే వరస. నాన్న ఇనుప మెట్ల కింద నిలబడి, మొహం పైకెత్తి, రెండుసార్లు గాలి పీల్చి, "ఎక్కు" అనేవాడు. అప్పుడు బాబాయి ఎక్కి, పైనున్న మూత తెరిచి, కొసన ఇత్తడి బరువు కట్టిన టేపును లోపలికి వదిలి, చమురు ఎంత మట్టానికి వచ్చిందో కేక వేస్తే నాన్న కింద రాసుకునేవాడు. మాస్కులు, వాటికి తగిలించే గాలి సీసాలు ట్రక్కు వెనకాల ఉండేవి. ఒక్కో ట్యాంకుకు మాస్కు తగిలించుకుని విప్పుకుంటూ కూచుంటే ఇరవై రెండు ఎప్పటికయ్యేను? కంపెనీవాళ్ళు జేబుకు పెట్టుకోమని తలా ఒక కూత పెట్టె కూడా ఇచ్చారు, గ్యాసు తగిలితే కుయ్‌మని అరిచేది. అది ట్రక్కు పొగకు అరిచేది, వాన చినుక్కు అరిచేది. విసుగొచ్చి అందరూ వాటిని పనిముట్ల పెట్టెలో పడేసి, ముక్కాయన నోటి మాట మీద పని చేసుకునేవారు. ఆ సంగతి మేస్త్రీకీ తెలుసు, మేస్త్రీ పైవాళ్ళకూ తెలుసు.

అమ్మ నాకు రెండేళ్ళప్పుడే పోయింది. మా ఇంటికీ బాబాయి ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు తల దువ్విందీ, జ్వరమొస్తే పక్కన పడుకున్నదీ, మొండికేస్తే వీపు మీద రెండు వేసిందీ అన్నీ పిన్నే. కంపెనీ ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని ఆవిడది. బడి వదలగానే నేను కూడా అక్కడికే పోయి, ఆవిడ పని అయ్యేదాకా నర్సమ్మ బల్ల దగ్గర కూర్చుని చదువుకునేదాన్ని. బాబాయి నన్ను చిన్నముక్కు అని పిలిచేవాడు. నాన్న ముక్కు నాకు వచ్చిందని వాడవాడలా చాటింపు వేసింది ఆయనే. పిన్నికి తెలియకుండా సిగరెట్టు కాల్చి వచ్చి, "ఏమైనా తెలుస్తోందా?" అని ముందు నన్నే అడిగేవాడు. తెలుస్తోందంటే నోట్లో ఇన్ని యాలకులు వేసుకుని అప్పుడు ఇంట్లోకి వెళ్ళేవాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక సెలవు రోజు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, "చూస్తూ ఉండు నాన్నా" అని చెప్పి బట్టలు ఆరేయడానికి వెళ్ళాను. వెనక్కి వస్తుంటే వాకిలి దగ్గరే మాడు వాసన గుప్పుమంది. లోపల గిన్నె అడుగంటి నల్లగా అయిపోయింది. దానికి మూరెడు దూరంలో నాన్న, పొయ్యికి వీపు పెట్టి కూర్చుని, బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు.

"నాన్నా, పాలు!"

వెనక్కి తిరిగి గిన్నె వంక చూశాడు. "ఏదో ఆలోచనలో పడ్డానే" అన్నాడు.

ముక్కాయన కూతుర్ని, నాకా ఆ కబుర్లు? మర్నాడు కిరసనాయిలులో తడిపిన గుడ్డ తీసుకుని వెనకనుంచి ఆయన చెవి పక్కగా పట్టుకున్నాను. పేపరు చదువుతూనే ఉన్నాడు. ఇంకా దగ్గరికి జరిపాను. పేజీ తిప్పాడు. అప్పుడు ఎదురుగోడ మీది అద్దంలో నేను కనబడ్డట్టున్నాను, చటుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను.

"ఎవరికీ చెప్పకే" అన్నాడు.

అంతవరకు మా నాన్న నన్ను దేనికీ బతిమాలలేదు.

"ఎప్పట్నుంచి?"

"కిందటి చలికాలం నుంచి. జలుబు అనుకున్నాను. జలుబు పోయింది, ఇది రాలేదు."

నాకు ఎందుకంత భయం వేసిందో చెప్పాలంటే వెల్డరుగారి అమ్మాయి గురించి చెప్పాలి. బళ్ళో నా పక్క బల్లే. ఏటా ఆసుపత్రిలో జరిగే వాసన పరీక్షలో వాళ్ళ నాన్న తప్పాడు. ముక్కు లేనివాణ్ణి బావుల దగ్గరికి పోనివ్వకూడదని రూలు. ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆరు నెలలు తిరక్కుండా గేటు దగ్గర ఇద్దరక్కర్లేదన్నారు. పని పోతే కంపెనీ ఇల్లు కూడా పోతుంది. పరుపు నెత్తిన కట్టిన వ్యాను వెనక కూర్చుని వెళ్ళిపోతూ ఆ పిల్ల నాకు చెయ్యి ఊపింది. ఏ ఊరు వెళ్ళారో ఇప్పటికీ తెలియదు. మేం వెళితే నాన్నతో నేను వెళ్ళాలి. పిన్ని గోడకు ఆ పక్కనే ఉండిపోతుంది. నాకు అదొక్కటే కనిపించింది.

పరీక్ష ఇంకా నెల రోజులుంది. నర్సమ్మ కళ్ళకు గుడ్డ కట్టి అయిదు చిన్న సీసాలు ఒకటి తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెడుతుంది. కాఫీ, నిమ్మ, సబ్బు, కిరసనాయిలు, అయిదోది ఖాళీ. ఊహించి చెప్పేవాళ్ళను పట్టుకోవడానికి ఆ ఖాళీది. అంత తెలివిగా ఖాళీ సీసా పెట్టినవాళ్ళు కాగితం మీద వాసనల పేర్లు మాత్రం ఏటా ఒకే వరసలో అచ్చువేసేవారు. నర్సమ్మ కూడా పాపం ఆ వరసే పట్టుకునేది. నేను దొంగతనంగా చూడాల్సిన పని కూడా లేదు. "కాఫీగింజలు పాతబడ్డాయి, మార్చవే" అంటే మార్చి, సీసాలు కడిగి, ట్రేలో సర్దిపెట్టేది నేనే. పిన్ని వెంట రానిచ్చారు కాబట్టి అక్కడ కూర్చోగలిగాను.

సాయంత్రాలు తలుపు వేసుకుని ఖాళీ మందుసీసాలతో నాన్నకు నేర్పాను.

"కాఫీకి కొంచెం నవ్వు. నిమ్మకు మొహం చిట్లించాలి. అంత కాదు నాన్నా, ఆముదం తాగినట్టుంది!"

"మరి సబ్బుకో?"

"సబ్బుకు వెంటనే చెప్పేయకు. ఒక్క క్షణం ఆలోచించు."

"పరీక్ష నీకు పెట్టాల్సిందే, నువ్వయితే నాటకాల్లో చేరొచ్చు" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. గోడ అవతలినుంచి పిన్ని, "ఏంటా ఇకఇకలు, మాకూ చెప్పొచ్చుగా!" అని అరిచింది. అయిదో సీసా పట్టగానే నాన్న మొహంలో ఏ వేషమూ లేకుండా, "ఏమీ లేదు" అనేవాడు. దానికి నేర్పాల్సిన అవసరం రాలేదు. అయిదింట్లో నిజం అదొక్కటే.

పరీక్ష నెగ్గాడు. "మీ ముక్కుకు పరీక్షేంటండీ, మా సీసాలకే పరీక్ష" అంది నర్సమ్మ. ఆ రోజు పిన్ని నా జడకు కొత్త రిబ్బను కట్టింది, ఎందుకో నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా, ఊరంతటినీ ఏమార్చానని నాకు లోలోపల గర్వంగా ఉండటం.

ఇక పాలగిన్నెలతో వచ్చేవాళ్ళ కోసం మేమిద్దరం ఒక సైగ పెట్టుకున్నాం. గిన్నె నాన్న చేతికి ఇచ్చే నెపంతో ముందు నేను పీల్చేదాన్ని. వాసన ఉంటే నా ఎడమ చెవి పట్టుకునేదాన్ని. లేకపోతే చేతులు కట్టుకునేదాన్ని. నాన్న గంభీరంగా మొహం పెట్టి, నా వంక చూసీ చూడనట్టు చూసి, తీర్పు చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. "ఎప్పుడు చూసినా ఆ చెవి పట్టుకుంటావేంటే, చీము పట్టిందా?" అని పిన్ని నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని గోరువెచ్చటి నూనె చుక్కలు పోసేది. పది రోజులకోసారి పోసేది. నేను మాట్లాడకుండా పోయించుకునేదాన్ని.

"బాబాయికైనా చెప్పు నాన్నా" అని ఒకసారి అన్నాను.

"చెబితే వాడు నా మాట మీద ఎక్కడు. ఎక్కకపోతే ఎందుకెక్కడం లేదని అడుగుతారు." చొక్కా గుండీ తీసి చూపించాడు. లోపలి జేబులో చేతిరుమాల్లో చుట్టిన కూత పెట్టె. రుమాలు మందానికి కూత బయటికి వినబడదు, గ్యాసు తగిలితే గుండెకు ఆనుకుని వణుకుతుంది. "ఇది వణికితే నేను ఎక్కమనను. ముక్కయితేనేం, పెట్టయితేనేం?"

నిజమేననిపించింది. పన్నెండేళ్ళదాన్ని. నాన్న ఏం చెప్పినా నిజమేననిపించే వయసు అది.

ఆ చలికాలం ఒక పొద్దున గాలి అన్నది లేదు. నేను బళ్ళో ఉన్నాను. కప్పు మీది సంచి ఆరేసిన మేజోడులా కిందికి వేలాడుతోంది. రెండో పీరియడులో గంట గబగబా మోగింది. అందరం బయటికి పరుగెత్తి, నేర్పినట్టే తలెత్తి సంచి వంక చూశాం. అది ఎటూ ఊగడం లేదు. ఎటు పరుగెత్తాలో తెలియక నూరు మంది పిల్లలం మైదానంలో గిరగిరా తిరిగాం. టీచరమ్మ ఏడుస్తూ "ఎటో ఒకవైపు పొండర్రా" అని అరిచింది.

ట్యాంకుల దగ్గర ఏం జరిగిందో నాన్న నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. పదకొండో ట్యాంకు. చలికి ఆయన లోపల రెండు స్వెటర్లు, పైన మందపాటి కోటు వేసుకుని, కూత పెట్టెను కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. మెట్ల కింద నిలబడి, మొహం పైకెత్తి, అలవాటుగా రెండుసార్లు పీల్చి, "ఎక్కు" అన్నాడు. బాబాయి ఏదో పాట కూనిరాగం తీస్తూ ఎక్కాడు. ఆయన పైకి చేరాక నాన్న పెన్సిలు కోసం కోటు లోపల చెయ్యి పెట్టాడు. పెట్టె వణుకుతోంది. ఎప్పటినుంచి వణుకుతోందో తెలియదు.

"మూత తియ్యకురా!"

అప్పటికే తీశాడు. "ఏంటన్నయ్యా?" అని ఇటు తిరిగాడు. అలిసిపోయినవాడిలా మెల్లగా కూర్చుని, పక్కకు ఒరిగాడు.

పడినవాడి దగ్గరికి వెళ్ళకూడదని నాన్నకు తెలుసు. నాకు తెలిసినప్పుడు నాన్నకు తెలియదా? ట్రక్కు దగ్గరికి పరుగెత్తి, మాస్కు తగిలించుకుని, సీసా మర తిప్పి, పట్టీలు బిగించుకుని, అప్పుడు ఎక్కాడు. నాలుగు నిమిషాలు పట్టింది. అంతా రూలు ప్రకారమే చేశాడు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని దిగేసరికి ప్రాణం లేదు.

కంపెనీ నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చి మూడు రోజులు ఉండి కాగితాలు రాసుకున్నారు. గాలి లేని రోజు, మూత తెరవగానే ఒక్కసారిగా పైకి తన్నిన గ్యాసు, మానవ తప్పిదం ఏమీ లేదు, అని రాశారు. ఊరు కూడా అదే మాట అంది. "ముక్కాయనకే తెలియలేదంటే ఇంకెవడికి తెలుస్తుంది?" ఓదార్చడానికి వచ్చిన ప్రతివాడూ అదే అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాన్న తల ఇంకొంచెం కిందికి దిగేది. వాళ్ళు దుఃఖమనుకున్నారు. దుఃఖం కూడా ఉంది. రెండు వారాలు అందరూ మాస్కులు పెట్టుకున్నారు, మూడో వారానికి మానేశారు. నాన్న మాత్రం మళ్ళీ ఎవరినీ ఎక్కమనలేదు. కొత్త జట్టువాణ్ణి ట్రక్కులో కూర్చోబెట్టి, ప్రతి ట్యాంకుకు మాస్కు తగిలించుకుని తనే ఎక్కేవాడు. చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాడు.

"నాకు ముక్కుంటే పదో ట్యాంకు దగ్గరే తెలిసేదేమో" అన్నాడు నాతో. కాసేపటికి, "తెలిసేది కాదేమో" అన్నాడు. ఆ రెండు 'ఏమో'ల మధ్యే ఆయన మిగతా బతుకంతా గడిచింది.

వాసన పరీక్ష మళ్ళీ వచ్చింది. ఆ సంవత్సరం సాధన చేయలేదు. నర్సమ్మ కళ్ళకు గుడ్డ కట్టింది. కాఫీ, నిమ్మ, సబ్బు, కిరసనాయిలు, ఏమీ లేదు. నవ్వలేదు, మొహం చిట్లించలేదు, చావు కబురు చెప్పినట్టు వరసగా చెప్పాడు. సీసాలు సర్దింది నేనే. పిన్ని ఆ గదిలోనే, మూల, నేల తుడుస్తోంది.

పిన్ని నన్ను వదల్లేదు. అదివరకులాగే తల దువ్వేది, అన్నం పెట్టేది. నవ్వడం ఒక్కటే మానేసింది. పోయిన రోజుకు ముందు సాయంత్రం బాబాయి విప్పి కొక్కేనికి తగిలించిన గళ్ళ చొక్కాను ఉతకకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి కట్టింది. వారానికోసారి ముడి విప్పి, మొహం లోపల పెట్టి, ఎక్కడ అయిపోతుందోనని మళ్ళీ గబుక్కున కట్టేసేది. నేను కిటికీలోంచి చూశాను, చాలాసార్లు.

బాబాయి పోయిన పది నెలలకు ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆ కవరు పట్టుకుని మా పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. నాన్న పీట మీద కూర్చుని తలుపు గడియ బాగుచేస్తున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"బావగారూ, ఒక్కసారి ఇది చూసి పెడతారా?"

నాన్న లేచి నిలబడ్డాడు.

"నాకు ఉన్నట్టే ఉంటోందండీ" అంది పిన్ని. "అది చొక్కాలో ఉందో, నా బుర్రలో ఉందో తెలియడం లేదు. ఈమధ్య రోజూ విప్పి చూడటమే పనైపోయింది, పిచ్చెక్కుతుందేమోనని భయంగా ఉంది. మీ ముక్కు అబద్ధం చెప్పదు. ఆయన వాసన ఉందంటే దాచుకుంటాను. పోయిందంటే ఉతికేసి ఎవరికైనా ఇచ్చేస్తాను. మీరేదంటే అది."

ముడి విప్పి చొక్కా ఆయన చేతుల్లో పెట్టింది. నాన్న దాన్ని మొహానికి ఆనించుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ గుడ్డలో ఆయనకు ఏమీ లేదు, అయిదో సీసాలో లాగే ఏమీ లేదు. అది నాకు ఒక్కదానికే తెలుసు. ఆయన తలెత్తి నా వంక చూశాడు, చూసీ చూడనట్టు, ఎప్పుడూ చూసేలాగే.

గుమ్మం దగ్గరున్న నాకు ఏ వాసనా అందలేదు. అయినా నా చెయ్యి లేచి ఎడమ చెవి పట్టుకుంది. ఉందను నాన్నా. ఒక్క మాట, "ఉందమ్మా" అను, చాలు, పిన్ని చొక్కా తీసుకుని వెళ్ళిపోతుంది, మనం మళ్ళీ గడియ బాగుచేసుకుంటాం.

"నాకు తెలియదమ్మా" అన్నాడు నాన్న.

"అంటే... పోయిందనా?"

"పోయింది చొక్కాలోది కాదమ్మా. నాకు ముక్కు లేదు. రెండేళ్ళు కావస్తోంది. ఆ రోజు కూడా లేదు. లేకుండానే వాణ్ణి ఎక్కమన్నాను."

పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఆయన్ని తిడుతుందనుకున్నాను, కొట్టినా కొడుతుందనుకున్నాను. ఆవిడ మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. నా చెయ్యి ఇంకా చెవి మీదే ఉంది. దించాలని తోచలేదు.

"ఆ చెవిలో నూనె పోసేదాన్ని" అంది.

 ఆ తర్వాత నా జన్మలో ఎంతమంది ఎన్ని మాటలన్నారో, ఏదీ నాకు అంతగా తగల్లేదు.

నాన్న చేతుల్లోంచి చొక్కా తీసుకుని నా దగ్గరికి వచ్చింది. "నువ్వు చూడు."

మొహం పెట్టాను. ముందు ప్లాస్టిక్ కంపు. తర్వాత ఏమీ లేదనిపించింది. ఇంకోసారి, మెడపట్టీ మడత విప్పి పీల్చాను. ఉంది. చెమట, యంత్రాల నూనె, పిన్నికి తెలియని సిగరెట్టు, దాని మీద యాలకులు, అన్నిటికీ అడుగున జీతం వాసన. బాబాయి వచ్చి "చిన్నముక్కూ, ఏమైనా తెలుస్తోందా?" అని వంగినట్టే ఉంది. 

"ఉంది పిన్నీ" అన్నాను. "ఒట్టు పిన్నీ, నిజంగా ఉంది. మెడపట్టీలో ఉంది, చూడు."

పిన్ని నన్ను చూసింది, నాన్నను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. పిల్లలు పగిలిన గ్లాసును వీపు వెనక దాచుకుని నేను కాదన్నప్పుడు పెద్దవాళ్ళు చూస్తారే, అలా. "అలాగేలే" అంది. చొక్కాను నాలుగు మడతలు పెట్టింది. కవరులో పెట్టలేదు. కవరు మా నేల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున బడికి వెళుతుంటే వాళ్ళ పెరట్లో తీగ మీద బాబాయి గళ్ళ చొక్కా ఆరేసి ఉంది. అంచుల్లోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. గాలి మా వైపే వీస్తోంది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ రాలేదు.